పందొమ్మిది మంది చూస్తుండగానే

1994 ఏప్రిల్ 14, గురువారం. ఉదయం 9 గంటల 21 నిమిషాలు.

టర్కీ గగనతలంలో, ఇరాక్ సరిహద్దుకు ఇవతల చుట్లు కొడుతున్న అవాక్స్ విమానానికి రేడియోలో పిలుపొచ్చింది. పిలిచింది అమెరికా సైన్యానికి చెందిన రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లు. రేడియోలో వాళ్ల పేరు 'ఈగల్'. నిషిద్ధ గగనతలం గడప దగ్గరున్నాం, లోపలికి వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లమన్నారు. అవాక్స్ తెర మీద వాళ్ల చుక్క పక్కన 'ఈఈ01' అన్న గుర్తు పడింది.

సరిగ్గా 69 నిమిషాల తర్వాత ఆ రెండు హెలికాప్టర్లూ ఉత్తర ఇరాక్ కొండల్లో కూలి మంటల్లో ఉన్నాయి. సద్దాం హుస్సేన్ సైన్యం వాటి జోలికి రాలేదు. కూల్చినవి అమెరికావే అయిన రెండు ఎఫ్-15 యుద్ధ విమానాలు. వాటికి దారి చూపాల్సిందీ, హెలికాప్టర్లను కనిపెట్టుకుని ఉండాల్సిందీ ఒకే విమానం. ఆ అవాక్సే.

ఈ ఘోరాన్ని ఎక్కువమంది పైలట్ల కథగానే చెబుతారు. మీట నొక్కిన చేయి పైలట్‌దే కాబట్టి అది సహజం. నా మటుకు నాకు అసలు కథ పైన, చీకటి క్యాబిన్లో హెడ్‌సెట్లు పెట్టుకుని తెరల ముందు కూర్చున్న ఆ పందొమ్మిది మందిది. వాళ్లకు నేర్పిందేమిటి, నేర్పనిదేమిటి అన్నది.

*

గల్ఫ్ యుద్ధం ముగిశాక 1991 ఏప్రిల్‌లో, సద్దాం సేనల నుంచి కుర్దులను కాపాడటానికి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి 'ఆపరేషన్ ప్రొవైడ్ కంఫర్ట్' మొదలుపెట్టాయి. ఇరాక్‌లో 36వ అక్షాంశానికి ఉత్తరాన ఇరాకీ విమానమేదీ ఎగరకూడదు. టర్కీలోని ఇన్‌జిర్లిక్ స్థావరం నుంచి రోజూ అవాక్స్ లేచేది, దాని వెనక యుద్ధ విమానాలు లేచేవి. మూడేళ్లు ఇలాగే గడిచింది. రోజూ అదే దారి, అవే మాటలు. ప్రమాదకరమైన డ్యూటీ కాస్తా మామూలు డ్యూటీ అయిపోయింది.

అవాక్స్ అంటే పాత బోయింగ్ 707 ప్రయాణికుల విమానం మీద బిగించిన రాడార్ కేంద్రం. వీపు మీద 30 అడుగుల గుండ్రని డోమ్ ఉంటుంది. పది సెకన్లకొకసారి అది ఒక చుట్టు తిరుగుతుంది. నేల మీది రాడార్‌కు భూమి వంపు అడ్డమొస్తుంది, కొండ అడ్డమొస్తుంది. అదే రాడార్‌ను ముప్ఫై వేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్తే 400 కిలోమీటర్లలో తక్కువ ఎత్తులో ఎగిరేవి కూడా కనిపిస్తాయి.

అయితే పై నుంచి కిందికి చూస్తే ఇంకో చిక్కు. కొండలు, రోడ్లు, ఇళ్లు, అన్నీ రాడార్ తరంగాలను వెనక్కి కొడతాయి. ఆ గందరగోళంలో విమానాన్ని పట్టుకోవాలంటే కదిలేవాటినే ఉంచుకుని కదలనివాటిని వదిలెయ్యాలి. డాప్లర్ పద్ధతి చేసే పని అదే. దాన్ని వేగాల జల్లెడ అనుకోండి. గంటకు వెయ్యి కిలోమీటర్లు పోయే జెట్ పైన నిలుస్తుంది. నెమ్మదిగా పోయే హెలికాప్టర్ ఒక్కోసారి మట్టితో పాటే కిందికి జారిపోతుంది. లోయలోకి దిగిందంటే జల్లెడతో కూడా పనిలేదు, కొండ చాటున అసలే కనపడదు. అప్పుడు తెర మీద ఉన్న చుక్క మాయమవుతుంది. హెలికాప్టర్ మాత్రం అక్కడే ఎగురుతూ ఉంటుంది.

రాడార్ ఆపరేటర్ నైపుణ్యం మొదలయ్యేది ఈ మాయమైన చోటే. కనపడ్డదాన్ని చూడటం యంత్రం పని. ఇందాక ఇక్కడున్నది ఎవరు, ఎటు పోతోంది, ఎంతసేపటికి కొండ అవతల తేలాలి అని బుర్రలో లెక్క కట్టుకుంటూ ఉండటం మనిషి పని. ఆ లెక్క నడుస్తుండగానే చెవిలో నాలుగైదు గొంతులు మోగుతుంటాయి. ఇంధనం నింపే ట్యాంకర్ ఒక ఫ్రీక్వెన్సీలో, యుద్ధ విమానాలు ఇంకో ఫ్రీక్వెన్సీలో, పక్క సీటువాడు ఇంటర్‌కమ్‌లో. ఏ గొంతును పెంచాలో, దేన్ని తగ్గించాలో వేళ్లకు అలవాటు కావాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, చెమటలు పట్టించి నేర్పాల్సింది.

*

ఆ ఉదయం అవాక్స్‌లో ఉన్న జట్టు అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం, టింకర్ వైమానిక స్థావరం నుంచి వచ్చింది. అక్కడి 552వ ఎయిర్ కంట్రోల్ వింగ్ వాళ్లది. ఈ జట్టుగా టర్కీలో వాళ్లకు అదే మొదటి రోజు.

బయల్దేరే ముందు టింకర్‌లో సిమ్యులేటర్ శిక్షణ అయితే జరిగింది. ఏం జరగడం? అందులో నడిపించిన మ్యాపులు పాతవి, కాల్పుల నిబంధనలు పాతవి. జట్టు మొత్తం మొదటినుంచీ చివరిదాకా కలిసి కూర్చున్నదీ లేదు. అన్నిటికన్నా విచిత్రమేమిటంటే, ఆ శిక్షణలో తమవాళ్ల విమానాల జాబితాలో బ్లాక్ హాక్ హెలికాప్టర్లే లేవు. టర్కీ నుంచి దాదాపు రోజూ ఎగిరే హెలికాప్టర్లు శిక్షణ తెర మీద ఒక్కసారి కూడా కనిపించలేదు. జెట్లతో జెట్లను ఢీకొట్టించడం నేర్పారు. లోయలో మాయమయ్యే చుక్కను ఏం చెయ్యాలో నేర్పలేదు.

ఈ కొరత పూడ్చడానికి ఒక ఏర్పాటుంది. కొత్త జట్టు మొదటిరోజు ఎగిరేటప్పుడు అక్కడి పద్ధతులు తెలిసిన ఇద్దరు అనుభవజ్ఞులు కూడా ఎక్కుతారు. తప్పు జరగబోతే భుజం తట్టి చెప్పడానికి. అసలు సమయం వచ్చేసరికి వాళ్లలో ఒకరు విమానంలోని వంటగది దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇంకొకరు వెనకాల పడకల దగ్గర పుస్తకం చదువుకుని కునుకు తీశారు.

ఇంకో చిన్న విషయం. నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. టర్కీ నుంచి లోపలికి వచ్చే విమానాలను చూసేది 'ఎన్‌రూట్' కంట్రోలర్. లోపల, నిషిద్ధ ప్రాంతంలో ఉన్నవాటిని చూసేది ఇంకొక కంట్రోలర్. ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలి, ఒకరి తెర మీదకు ఇంకొకరు తొంగిచూసేంత దగ్గరగా. ఆ రోజు ఒక కన్సోల్ పనిచెయ్యలేదు. సీట్లు మారాయి. ఇద్దరూ దూరం దూరంగా కూర్చున్నారు.

వాళ్ల పైన సీనియర్ డైరెక్టర్ కెప్టెన్ జేమ్స్ వాంగ్. ఆయన పైన మిషన్ క్రూ కమాండర్. వీళ్లు కాక 'మ్యాడ్ డాగ్' అన్న పిలుపు పేరుతో ఒక అధికారి. కాల్పులు ఆపమనే అధికారం ఆయనకు ఉంది. అధికారం ఉన్న మనుషులకు ఆ విమానంలో కొదవ లేదు.

*

హెలికాప్టర్లు 9 గంటల 24 నిమిషాలకు సరిహద్దు లోపలున్న జాఖోలో దిగాయి. అక్కడ 16 మంది ఎక్కారు. బహుళ జాతి సైనిక సమన్వయ కేంద్రానికి అధిపతిగా ఉన్న కర్నల్ జెరాల్డ్ థాంప్సన్ బదిలీ మీద వెళ్లిపోతున్నాడు. తన స్థానంలో వచ్చిన అధికారిని తీసుకుని ఇర్బిల్, సలాహుద్దీన్ ఊళ్లకు వెళ్లి అక్కడి కుర్దు నాయకులకు, ఐక్యరాజ్యసమితి ప్రతినిధులకు పరిచయం చేసి రావాలని బయల్దేరాడు. వాళ్లతో అమెరికన్లు, బ్రిటిష్, ఫ్రెంచి, టర్కీ అధికారులు, కుర్దులు. పాతికేళ్ల సెకండ్ లెఫ్టినెంట్ లారా పైపర్ కూడా ఆ ప్రయాణికుల్లో ఒకరు.

9 గంటల 54 నిమిషాలకు పైలట్ అవాక్స్‌ను మళ్లీ పిలిచాడు. విస్కీ నుంచి లీమాకు వెళ్తున్నాం అన్నాడు. ఊళ్లకు పెట్టుకున్న రహస్య పేర్లవి. సరేనన్నాడు ఎన్‌రూట్ కంట్రోలర్. లీమా అంటే ఏ ఊరో కాగితం తీసి చూడలేదు. చూసుంటే హెలికాప్టర్లు నిషిద్ధ ప్రాంతం లోలోపలికి పోతున్నాయని తెలిసేది. ఫ్రీక్వెన్సీ మార్చుకోండి, ఇకపై లోపలి కంట్రోలర్‌తో మాట్లాడండి అని చెప్పాల్సి వచ్చేది. అదీ చెప్పలేదు. కాబట్టి హెలికాప్టర్లు బయటివాళ్ల ఫ్రీక్వెన్సీ మీదే ఉండిపోయాయి. ఎఫ్-15లు మాట్లాడుకునేది వేరే ఫ్రీక్వెన్సీ మీద, శత్రువు జామ్ చెయ్యలేని ప్రత్యేక రేడియోతో. ఒకరి మాట ఇంకొకరికి వినపడే అవకాశమే లేదు.

దీనికి తోడు ఐఎఫ్ఎఫ్ గొడవ. విమానం నుంచి 'ఎవరు నువ్వు' అని ఒక రేడియో సంకేతం వెళ్తుంది. అవతలి విమానంలోని పెట్టె ఆ రోజు కోడ్‌తో జవాబిస్తుంది. కోడ్ కలిస్తే మిత్రుడు. టర్కీలో ఉన్నంతసేపూ ఒక కోడ్, ఇరాక్‌లోకి రాగానే ఇంకో కోడ్ అని వాయుసేన ఆదేశాల్లో రాసి ఉంది. ఆ సంగతి సైన్యం హెలికాప్టర్ పైలట్లకు ఎవరూ చెప్పలేదు. చాలాకాలంగా వాళ్లు లోపల కూడా బయటి కోడే వాడుతున్నారు. అది అవాక్స్ తెర మీద రోజూ కనిపిస్తూనే ఉంది. మార్చుకోండి అని ఎవరూ అనలేదు.

*

10 గంటల 11 నిమిషాలు. హెలికాప్టర్లు కొండల్లోకి దిగాయి. తెర మీద చుక్క పోయింది.

ఆ జట్టులో ఒక్కడు మాత్రం దీన్ని పట్టించుకున్నాడు. నిఘా విభాగం అధికారి. హెలికాప్టర్లు చివరిగా కనిపించిన చోటును చూపిస్తూ సీనియర్ డైరెక్టర్ తెర మీదకు కంప్యూటర్ బాణం గుర్తు ఒకటి పంపాడు. ఇటు చూడు అన్నట్టు. ఆ బాణం ఒక నిమిషం ఉండి తనంతట తానే పోతుంది. అది పోయేలోపు జవాబు రాలేదు. రెండోసారి పంపలేదు. లేచి వెళ్లి నోటితో చెప్పలేదు.

10 గంటల 15 నిమిషాలు. ఎఫ్-15 నాయక విమానం పైలట్ కెప్టెన్ ఎరిక్ విక్సన్, మాకు చెప్పాల్సిందేమైనా ఉందా అని మ్యాడ్ డాగ్‌ను అడిగాడు. ఏమీ లేదన్నాడు.

10 గంటల 20 నిమిషాలు. ఎఫ్-15లు రెండూ నిషిద్ధ ప్రాంతంలోకి వచ్చాయి. రెండో దాంట్లో లెఫ్టినెంట్ కర్నల్ రాండీ మే. హోదాలో విక్సన్ కన్నా పెద్దవాడే అయినా ఆ రోజు తోకన ఎగురుతున్నాడు.

10 గంటల 21 నిమిషాలు. హెలికాప్టర్లు ఎక్కడో దిగి ఉంటాయనుకుని ఎన్‌రూట్ కంట్రోలర్ తెర మీద నుంచి వాటి గుర్తును తీసేశాడు. అంతవరకూ చుక్క లేకపోయినా పేరన్నా ఉండేది. ఇప్పుడు పేరు కూడా పోయింది.

ఒక్క నిమిషం గడిచింది. విక్సన్ రాడార్‌లో 40 నాటికల్ మైళ్ల దూరాన నెమ్మదిగా, తక్కువ ఎత్తులో కదులుతున్న ఏదో తగిలింది. అవాక్స్‌కు చెప్పాడు. లోపలి కంట్రోలర్ తెర చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదని జవాబిచ్చాడు. ఆయన తెర మీద నిజంగానే ఏమీ లేదు. ఆ దిక్కున మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని దూరంగా కూర్చున్న ఎన్‌రూట్ కంట్రోలర్‌ను అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. అడగడం ఎవరూ అలవాటు చేయించలేదు.

10 గంటల 23 నిమిషాలకు తెర మీద హెలికాప్టర్ల ఐఎఫ్ఎఫ్ జవాబులు మినుకు మినుకుమంటూ కనపడసాగాయి. 10 గంటల 25 నిమిషాలకు విక్సన్ మళ్లీ అడిగాడు. ఈసారి కంట్రోలర్ 'హిట్స్ దేర్' అన్నాడు. రాడార్‌కు ఏదో తగులుతోంది అని మాత్రమే దాని అర్థం. ఐఎఫ్ఎఫ్ జవాబు కూడా వస్తుంటే అనాల్సింది 'పెయింట్స్ దేర్'. ఆ రెండో మాట వినపడి ఉంటే విక్సన్ వేలు మీట మీద నుంచి జరిగేది. శిక్షణలో మొదటి వారాల్లో వల్లె వేయించే మాటలివి.

విక్సన్ తన పెట్టెతో కూడా అడిగి చూశాడు. ఒక కోడ్‌కు జవాబు లేదు. రెండోదానికి ఒక్క క్షణం మిత్రుడే అని వచ్చి ఆగిపోయింది. కళ్లతోనే చూద్దామని కిందికి దిగాడు.

10 గంటల 28 నిమిషాలు. గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, హెలికాప్టర్ కన్నా 500 అడుగుల ఎత్తులో పక్కనుంచి దూసుకుపోయాడు. కనిపించింది క్షణాలే. ముదురు ఆకుపచ్చ రంగు, రెండు వైపులా రెక్కల్లాంటి పట్టీలు. ఆ పట్టీలకు వేలాడుతున్నవి అదనపు ఇంధన ట్యాంకులు. పైలట్ల శిక్షణ బొమ్మల్లోని బ్లాక్ హాక్‌లకు ఆ ట్యాంకులుండవు. రష్యన్ తయారీ హైండ్ హెలికాప్టర్‌కు ఆయుధాలు మోసే పొట్టి రెక్కలుంటాయి. విక్సన్ హైండ్ అనుకున్నాడు. రెండు హైండ్లు అని రేడియోలో చెప్పాడు. అవాక్స్ నుంచి జవాబొచ్చింది, హైండ్లని విన్నాం అని.

బ్లాక్ హాక్‌ల ఒంటి నిండా అమెరికా జెండాలు వేసి ఉన్నాయి.

ఆ రెండు నిమిషాలూ అవాక్స్‌లో ఎవరికీ నోరు పెగల్లేదు. ఎఫ్-15 చెబుతున్న చోటే ఐఎఫ్ఎఫ్ జవాబులు స్పష్టంగా తెరల మీద కనపడుతున్నాయి. గంట కిందట ఆ హెలికాప్టర్లకు అనుమతిచ్చిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు. గుర్తు తీసేసిన మనిషీ ఆయనే. చేసిందల్లా ఆ చుక్కల మీద 'ఎవరో తెలియదు' అన్న గుర్తు పెట్టడం. ఆపండి అన్న ఒక్క మాట చాలు. అనడానికి అర్హత ఉన్నవాళ్లు కనీసం ముగ్గురున్నారు.

10 గంటల 30 నిమిషాలు. విక్సన్ నాలుగు మైళ్ల దూరం నుంచి ఆమ్రామ్ క్షిపణి వదిలాడు. వెనక హెలికాప్టర్ పేలింది. ముందుది తప్పించుకోబోయింది. మే సైడ్‌వైండర్ వదిలాడు.

అమెరికన్లు 15 మంది, కుర్దులు అయిదుగురు, టర్కీవాళ్లు ముగ్గురు, బ్రిటిష్‌వాళ్లు ఇద్దరు, ఫ్రెంచి అధికారి ఒకరు. ఎవరూ బతకలేదు.

*

విచారణ నివేదిక సంపుటాలకు సంపుటాలైంది. తప్పుల గొలుసు చివరికి చేరింది మాత్రం ఒక్కరి దగ్గరే. మే మీద పెట్టిన అభియోగాలను కొట్టేశారు. విక్సన్‌కు సాక్ష్యం చెప్పినందుకు రక్షణ దొరికింది. విధి నిర్వహణలో అలసత్వం కింద సైనిక న్యాయస్థానం మెట్లెక్కింది కెప్టెన్ వాంగ్ ఒక్కడే. 1995 జూన్ 20న టింకర్‌లో ఆయన్నీ నిర్దోషి అన్నారు. అమెరికాలో పెద్ద రభస జరిగింది. 26 మంది చచ్చిపోతే ఒక్కరికీ శిక్ష లేదా అని. ఆగస్టులో వాయుసేన అధిపతి జనరల్ రొనాల్డ్ ఫోగల్‌మన్ ఫైళ్లన్నీ తానే మళ్లీ తిరగేశాడు. ఇద్దరు పైలట్లతో పాటు అవాక్స్ అధికారులు కొందరిని కనీసం మూడేళ్లు ఆ విధులకు దూరం పెట్టాడు. ఎందుకు పెట్టాడో వీడియోలో తానే చెప్పి వాయుసేనంతటికీ చూపించాడు.

తర్వాత స్కాట్ స్నూక్ అనే సైనికాధికారి ఈ ఘటన మీద పరిశోధన చేసి 'ఫ్రెండ్లీ ఫైర్' అనే పుస్తకం రాశాడు. 1983లో గ్రెనడాలో తమ విమానం కాల్పుల్లోనే గాయపడ్డవాడాయన. రాసుకున్న నిబంధనలు ఒక దారిన, రోజువారీ పని ఒక దారిన కొంచెం కొంచెంగా జరిగిపోతాయనీ, అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఆ దూరం ఎవరికీ తెలియదనీ ఆయన వాదన. నేను దాదాపు ఒప్పుకుంటాను. ఒక్కచోట మాత్రం ఆగుతాను. బాణం గుర్తు పంపినవాడు రెండోసారి పంపకపోవడం వ్యవస్థ జారిపోవడమేనా? అది శిక్షణ. పైవాడు పలకకపోతే గట్టిగా అరవాలి అని చిన్న ఉద్యోగికి నేర్పకపోవడం.

ఇది అమెరికావాళ్ల తలనొప్పి, మనకెందుకు అనుకోవడానికి లేదు. రష్యా విమానం మీద ఇజ్రాయెల్ రాడార్ బిగించిన ఫాల్కన్ అవాక్స్ 2009 నుంచి మన వాయుసేన దగ్గరుంది. అలాంటిదే, డీఆర్‌డీవో తయారుచేసిన నేత్ర 2017లో చేరింది. శత్రు రాడార్ల సంకేతాలను పసిగట్టే నేత్ర పరికరాలు రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లోని డీఎల్ఆర్ఎల్ ప్రయోగశాలలో. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను నేల మీది మన క్షిపణే కూల్చింది. వాయుసేన సిబ్బంది ఆరుగురు, కిందనున్న పౌరుడొకరు పోయారు. అది మా పెద్ద తప్పేనని వాయుసేన అధిపతి భదౌరియా అక్టోబర్‌లో బహిరంగంగా ఒప్పుకున్నారు. అక్కడా నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వస్తున్న హెలికాప్టరే. అక్కడా మిత్రుడా శత్రువా అన్న ప్రశ్నే.

1994 ఘటన తర్వాత టింకర్‌లో మాత్రం పనులు మొదలయ్యాయి. అవాక్స్ జట్ల మొత్తానికీ మళ్లీ శిక్షణ ఇచ్చి, మళ్లీ పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లనే తెర ముందు కూర్చోబెట్టారు. ఇంటికి దూరంగా గడపాల్సిన రోజులు తగ్గించారు. యుద్ధ విమానాల పైలట్లకు హెలికాప్టర్లను గుర్తుపట్టే శిక్షణ పెంచారు. హెలికాప్టర్లు, ఎఫ్-15లు ఒకరి మాట ఒకరు వినేలా రేడియో పద్ధతులు మార్చారు. బ్లాక్ హాక్‌ల పంకా రెక్కల మీద, పై నుంచి చూసేవాడికి కనపడేలా, తెల్ల చారలు వేశారు.

లారా పైపర్ తల్లి జోన్ పైపర్ ఈ ఘటన మీద, ఆ తర్వాత నడిచిన విచారణల మీద ఒక పుస్తకం రాసింది. దాని పేరు 'ఎ చైన్ ఆఫ్ ఈవెంట్స్'.